ఆరో మోటారు

ఫిబ్రవరి 24

ఈ డైరీ కొని రెండు నెలలైంది. ఇవాళ్టిదాకా ఒక్క అక్షరం పడలేదు. మనసు బాగున్నప్పుడు డైరీ ఎవరికి గుర్తొస్తుంది!

ఉదయం పాత ప్రింటింగ్ ప్రెస్సులో కెమెరా పరీక్ష పెట్టారు. సినిమాలో ఆఖరి షాటు అక్కడే. నాలుగు నిమిషాలు, మధ్యలో కట్ లేదు. హీరోయిన్ పై అంతస్తు నుంచి మెలికల ఇనుప మెట్లు దిగి, యంత్రాల మధ్య నడిచి వచ్చి, సొరుగులోంచి ఒక తాళంచెవి తీసి కెమెరాకి ఎదురుగా పట్టుకుంటుంది. తర్వాత గుసగుసగా ఒక్క మాట అంటుంది. అంతే సినిమా.

ఆ మెట్ల వెడల్పు ఒక్క మనిషికే సరిపోతుంది. కెమెరా పట్టుకుని ఆపరేటరు దిగితే ఇంక నాకు చోటెక్కడ? ఇరవై ఏళ్లుగా లెన్సు పక్కనే నిలబడి, మనిషి ముందుకొస్తే రింగు ఇటు, వెనక్కి పోతే అటు తిప్పుతూ, బొమ్మ మసకబారకుండా కాసిన చెయ్యి నాది. ఇప్పుడు ఆ చెయ్యి పది గజాల అవతల ఉండాలట. నేను అక్కడ ఒక చిన్న చక్రం తిప్పితే, ఆ కబురు గాల్లో వెళ్లి, లెన్సుకి బిగించిన మోటారు రింగుని తిప్పుతుందట.

అద్దెకు తెచ్చిన మోటారు తిప్పలేదు. మా కెమెరామన్ పెద్దాయన లెన్సులు చాలా పాతవి. లోపల గ్రీజు గట్టిపడి రింగులు మొండికేస్తాయి. మోటారు "గీ" అంది. ఇంకోసారి "గీ" అంది. ఎర్ర దీపం వెలిగించి చేతులెత్తేసింది.

"లెన్సులు మార్చేద్దామా సార్?" అన్నాడు డైరెక్టరు భయంభయంగా.

"మనుషుల్ని మార్చు. లెన్సులు మాత్రం ఇవే," అన్నాడు పెద్దాయన.

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఇంటికొచ్చాక కూడా ఆ మాట చెవిలో తిరుగుతూనే ఉంది.

షాటు మార్చి 24న. సరిగ్గా నాలుగు వారాలు.

ఫిబ్రవరి 25

మరమేకుకి ఫోన్ చేశాను.

మరమేకు ఈయన చెల్లెలు, నా ఒక్కగానొక్క ఆడపడుచు. నడక వచ్చిన దగ్గర్నుంచి కనిపించిందల్లా విప్పేసేదట. గడియారం అయింది, రేడియో అయింది, ఒకసారి వీధి తలుపు కూడా. ఆ పేరు అప్పుడు పడింది. ఇప్పుడు పెద్దాసుపత్రి నేలమాళిగలో పరికరాలు బాగుచేసే ఉద్యోగం. నా చేతిచక్రం, దాని రేడియో పెట్టె పోయినేడాది తనే కట్టిచ్చింది, సరదాకి. వాటికి మోటారొక్కటే కావాలి.

"లెన్సు పట్టుకొచ్చెయ్ వదినా, దాని పొగరెంతో కొలుద్దాం," అంది.

నిజంగానే కొలిచింది. లెన్సుని బల్లకి బిగించి, రింగుకి దారం చుట్టి, దారం కొసకి ఖాళీ మందుసీసాలు ఒక్కొక్కటే నీళ్లు నింపి వేలాడదీసింది. ఒకటి, రెండు... రింగు ఉలకలేదు. మూడో సీసాకి కదిలింది.

"అబ్బో! ఇది నీకంటే మొండిది."

"మీ అన్నయ్యకంటేనా?"

"అన్నయ్యకి సీసాలు చాలవులే."

తర్వాత కాగితం మీద రాసుకుంది. మోటారుకి బలం ఉండాలి. వేగం ఉండాలి. సౌండాయనకి వినపడకూడదు. అన్నిటికంటే ముఖ్యం, తను ఎక్కడుందో దానికే తెలియాలి. అంటే రింగు మీది ఆరడుగుల గుర్తు దగ్గర ఆగమంటే, వందసార్లు అన్నా అక్కడే ఆగాలి.

"ఇన్ని గుణాలున్న అల్లుడు కూడా దొరకడు," అన్నాను.

"అల్లుణ్ణి విప్పి చూడలేం వదినా. మోటారుని చూడొచ్చు."

ఫిబ్రవరి 28

రెండో మోటారు. పాత ప్రింటరులోంచి తీసింది. ఇది మెట్టుమెట్టుగా తిరిగే రకం. బలం బాగుంది, మొండి రింగుని మెడ పట్టుకుని తిప్పేసింది. ఇద్దరం ఎగిరి గంతేశాం. తర్వాత పదిసార్లు ముందుకీ వెనక్కీ తిప్పి చూస్తే, ఆరడుగుల గుర్తు దగ్గర ఆగాల్సింది ఆరున్నర దగ్గర ఆగింది. బరువు పడినప్పుడల్లా ఒకటి రెండు మెట్లు జారిపోతోంది, జారినట్టు దానికి తెలియడం లేదు.

"తప్పు చేసి, చెయ్యలేదనుకునే రకం," అంది మరమేకు. "పనికిరాదు."

సౌండాయన హెడ్‌ఫోన్ పెట్టుకుని రెండు క్షణాలు విన్నాడు. "గదిలో దోమలున్నాయా?" అన్నాడు. లేవన్నాం. "అయితే వద్దు," అన్నాడు.

ఈ డైరీలో గీతలు మరీ దగ్గరగా వేశారు. ఒక గీత వదిలి ఒక గీత మీద రాస్తున్నాను.

మార్చి 2

మూడో మోటారు. ఎవరో కాలేజీ పిల్లలు రోబో చేతులు చేసే పోటీలో వాడిందట. సగం చుట్టు తిరిగి ఆగిపోయింది. మన రింగుకి ముప్పావు చుట్టు కావాలి. మధ్యలో పెద్ద పళ్లచక్రం పెట్టి ఆ లోటు సరిచేసింది మరమేకు. అయితే ఆగమన్న చోట ఆగి, చలిజ్వరం వచ్చినట్టు సన్నగా వణుకుతోంది. దానితోపాటు రింగు, రింగుతోపాటు బొమ్మ.

"భయస్తురాలు పాపం," అని పెట్టెలో పెట్టేసింది.

ఈయన అంతా చూసి, "నా కుట్టుమిషను మోటారు పెట్టుకోండి, ఇరవై ఏళ్లుగా నా మాట కాదనలేదు," అన్నారు.

"దానికి మీరు కాలితో చెప్పాలి. ఇది చేత్తో చెప్పాలి," అన్నాను.

"ఇంట్లో రెండింటికీ లొంగేది నేనే," అని కత్తెర తీసుకుని ముందుగదిలోకి వెళ్లిపోయారు. ఈయన దర్జీ దుకాణం మా ముందుగదే. గుడ్డముక్కల మీద నడిస్తే గాని వీధిలోకి పోలేం.

మార్చి 4

నాలుగోది వదులు. ఇటు తిప్పుతుంటే బాగానే ఉంది. అటు తిప్పగానే పళ్లు ఒకదానికొకటి తగలడానికి రెప్పపాటు పడుతోంది. ఆ రెప్పపాటులో హీరోయిన్ ముఖం మసక.

మరమేకు: "పిలిస్తే వెంటనే పలకదు, 'ఆఁ?' అని ఒకసారి అడిగి పలుకుతుంది."

అన్నాచెల్లెళ్లకి ఒకటే నోరు.

మార్చి 7

దొరికింది!

ఐదోది. ఆసుపత్రిలో మందు సన్నగా ఎక్కించే పంపులోది. పంపు పగిలి రద్దు చేసేశారట, స్టోరు సంతకం పెట్టించుకుని లోపలి మోటారు తెచ్చింది. నా బొటనవేలంత. లోపల ఇనుప ముద్ద ఉండదట, ఉత్త తీగచుట్టే తిరుగుతుందట. అందుకే చెప్పగానే లేస్తుంది, చెప్పగానే ఆగుతుంది. ముందు చిన్న పళ్లచక్రాల డబ్బీ, వెనక ఎంత తిరిగిందో లెక్కపెట్టే బిళ్ల. మూడు సీసాల మొండితనం దానికి లెక్కే కాదు. వందసార్లు తిప్పాం. వందోసారి కూడా వెంట్రుకంత తేడా లేదు.

సౌండాయన హెడ్‌ఫోన్ పెట్టుకుని చాలాసేపు విన్నాడు. "ఊఁ, మొదలుపెట్టండి," అన్నాడు.

"మొదలుపెట్టి ఆపేశాం కూడా," అంది మరమేకు.

ఆయన హెడ్‌ఫోన్ తీసి, మోటారుని చేతిలోకి తీసుకుని, కొత్త కోడలిని చూసినట్టు చూశాడు.

రాత్రి భోజనాల్లో ఒకటే నవ్వులు. ఇంక దిగులు లేదు. పెద్దాయన లెన్సులు మారక్కర్లేదు. మనుషులూ.

మార్చి 10

ప్రెస్సులో మొదటి రిహార్సలు. హీరోయిన్ బదులు ప్రొడక్షన్ అమ్మాయి మెట్లు దిగింది. చేతిచక్రం నా చేతిలో, దాని పైన అరచెయ్యంత తెర. చక్రం చుట్టూ తెల్లటి పట్టీ, దాని మీద అడుగుల గుర్తులు మరమేకు నల్లసిరాతో రాసింది.

మెట్ల మీద బాగుంది. యంత్రాల దగ్గర ఒకచోట పోయింది. తాళంచెవి దగ్గర పూర్తిగా పోయింది.

మోటారు కొంచెం ఆలస్యంగా కదులుతోందని నా అనుమానం.

మార్చి 11

మరమేకు వచ్చి మోటారు చూసింది. బాగానే ఉందంది. రేడియో చూసింది. బాగానే ఉందంది.

ఆలస్యం ఉంది. నాకు తెలుసు. లెన్సు మీద చెయ్యి వేసి తిప్పినన్నాళ్లూ ఒక్క అడుగు తప్పానా? లెన్సు మీది అంకెలు చూసే పనే లేదు, వేళ్లకే తెలిసేది. కళ్లేమో నటి మీద ఉండేవి. ఇప్పుడు ఈ చక్రం, ఈ తెర. చక్రానికి వేళ్లు ఇంకా అలవాటు పడలేదు, అంతే. కాదు, అలవాటు కాదు, మోటారే.

ఆ తెర కూడా నాసిరకం. వెలుతురు పెంచినా బొమ్మ తేలడం లేదు.

మార్చి 12

ఈయన సూదిలో దారం ఎక్కించమన్నారు. ఎప్పుడూ నేనే ఎక్కిస్తాను. ఈ సూదుల కంపెనీ మారిందేమో, బెజ్జాలు సరిగ్గా లేవు. నాలుగుసార్లు ప్రయత్నించి, పనుందని లేచిపోయాను. ఈయన కళ్లజోడు ముక్కు మీదికి జరుపుకుని తనే ఎక్కించుకున్నారు.

మార్చి 13

రెండో రిహార్సలు. పెద్దాయన కూడా వచ్చి కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. తాళంచెవి మూడుసార్లు తీశారు, మూడుసార్లూ మసక. ఒకసారి తాళంచెవి వెనకున్న గోడ మీద మేకు అద్దంలా కనిపించింది.

"మోటారు సార్," అన్నాను. "పంపులోది కదా, నెమ్మది."

పెద్దాయన నా ముఖంలోకి చూశాడు. "అలాగా," అన్నాడు. అంతే. నాలుగు తిట్లు తిట్టినా పోయేది.

మార్చి 14

మరమేకుకి ఫోన్ చేసి ఆరో మోటారు వెతకమన్నాను.

"రేపు ఆదివారం నేనే వస్తాను వదినా. కెమెరా ఇంటికి తీసుకురాగలవా?" అంది.

మార్చి 15

రాయకుండా ఉండాలనుకున్నాను. రాస్తున్నాను.

మధ్యాహ్నం ముందుగదిలో గుడ్డలన్నీ పక్కకి నెట్టి, టేపు పరిచి, నేల మీద సుద్దతో అడుగులు గీసింది మరమేకు. ఆరడుగుల దగ్గర కుర్చీ వేసి, దాని మీద చిన్నచిన్న అక్షరాలున్న కాగితం నిలబెట్టింది. కెమెరా తీగ పెద్ద టీవీకి తగిలించింది. మోటారుని తన లాప్‌టాప్‌కి కలిపింది.

"ఇప్పుడు నువ్వూ వద్దు, నేనూ వద్దు. మోటారుకే చెబుదాం," అని ఆరు కొట్టింది. టీవీ మీద కాగితంలోని ప్రతి అక్షరం సూదిమొనలా నిలబడింది. కుర్చీ మూడడుగులకి జరిపి మూడు కొట్టింది. నిలబడింది. పది. నిలబడింది. పదిహేనుసార్లు చేసింది. ఒక్కసారి తప్పితే ఒట్టు.

"ఆలస్యం చూద్దాం," అని ఇంకేదో కొలిచింది. రెప్పపాటులో సగం కూడా లేదు.

తర్వాత మోటారుని నా చేతిచక్రానికి కలిపి, కుర్చీని మళ్లీ ఆరడుగులకి జరిపింది.

"చక్రం ఆరు దగ్గర పెట్టు వదినా."

పెట్టాను. టీవీ మీద కాగితం మసక.

"చూశావా!" అన్నాను. "నేను చెప్పలేదూ? ఇది చక్రం మాట వినడం లేదు."

మరమేకు నా పక్కకి వచ్చి చక్రం కేసి చూసింది. అన్నాచెల్లెళ్లు ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. ఈయన మిషను ఆపేశారు.

"వదినా," అంది మెల్లగా, "అది ఎనిమిది."

నేను చక్రాన్ని దూరంగా పట్టుకుని చూశాను. ఇంకా దూరంగా పట్టుకున్నాను. నా చెయ్యి అంతకంటే సాగదు. ఆరు, ఎనిమిది, మూడు, అన్నీ ఒకటే గుండ్రాలు.

"నీ అంకెలే అలా ఉన్నాయి," అన్నాను. "అడ్డదిడ్డంగా రాసి నా కళ్లనంటావేంటి? ఈ గదిలో దీపం ఎప్పుడైనా సరిగ్గా వెలిగిందా? కెమెరా అంటే ఏంటో తెలియనివాళ్లు నాకు ఫోకస్ నేర్పుతారా? పంపులు బాగుచేసుకునేదానివి పంపులే చూసుకో!"

ఎవరూ నా కళ్ల మాటెత్తలేదు. నేనే ఎత్తాను.

మరమేకు తీగలు చుట్టి, సంచిలో పెట్టుకుని, చెప్పులేసుకుంది. "మోటారు నీ దగ్గరే ఉంచు వదినా," అని వెళ్లిపోయింది. టీ అయినా తాగలేదు.

మార్చి 16

తలనొప్పి.

మార్చి 17

మరమేకు ఫోన్ చెయ్యలేదు. నేనూ చెయ్యలేదు.

మార్చి 18

ఎందుకు ఒప్పుకోలేకపోయానో ఇక్కడైనా రాసుకోవాలి.

పెద్దాయన దగ్గర నాకంటే ముందు ఫోకస్ చేసినాయన నాకు పని నేర్పినవాడు. నేను అప్పుడు ఆయనకి లెన్సులు అందించేదాన్ని. మంచి చెయ్యి. ఒకరోజు ఉన్నట్టుండి పెద్దాయన ఆయన్ని పంపేశాడు. ఆ సాయంత్రం ఆయన సామాను సర్దుకుంటుంటే చొక్కా జేబులో కొత్త కళ్లజోడు పెట్టె కనిపించింది. మర్నాడు ఆ చోటు నాకిచ్చారు. నేను ఎవరినీ ఏమీ అడగలేదు. కళ్లజోడు వస్తే పని పోతుంది, అని మనసులో రాసేసుకున్నాను. ఇరవై ఏళ్లయింది, చెరిపి చూసుకోలేదు.

సాయంత్రం ఈయన ఒక చొక్కా కాలరు కుడుతూ, మిషను ఆపకుండానే అడిగారు.

"నేను కళ్లజోడు పెట్టుకుని పదేళ్లయింది కదా. నా కుట్టు ఎప్పుడైనా పక్కకి పోయిందా?"

"లేదు."

"పెట్టుకోకముందు ఏడాది పోయింది. నీకు చెప్పలేదు. ఒకాయన ప్యాంటుకి ఒక కాలు పొట్టిగా కుట్టి, మీ నడకే అంత అన్నాను."

నవ్వకూడదనుకున్నాను. ఆగలేదు. ఈయన మిషను ఆపి ఆయనా నవ్వారు. నవ్వుతూ నవ్వుతూ నాకు కళ్లనీళ్లొచ్చాయి. అవి ఏ నీళ్లో ఈయన అడగలేదు. "రేపు పొద్దున నేనూ వస్తాను, నా జోడు కూడా బిగించుకోవాలి," అన్నారు. ఈయన జోడు బాగానే ఉంది.

మార్చి 19

కళ్ల దుకాణం. కళ్లు చూసేది చిన్న వయసు డాక్టరమ్మ. ఒక అట్ట ఇచ్చి చదవమంది. పైనుంచి మూడు వరుసలు చదివి, "తర్వాతవి మీరు ఖాళీగా వదిలేశారు," అన్నాను.

"ఇంకా నాలుగు వరుసలున్నాయండీ," అంది.

ఈయన పక్కకి తిరిగి గోడమీది కళ్లజోళ్లు లెక్కపెట్టడం మొదలుపెట్టారు.

దూరపుచూపు డేగ చూపేనట. దగ్గరిదే జారిపోయింది. ఈ వయసుకి అందరికీ అంతేనట. "మీరేం పని చేస్తారు?" అని అడిగింది. చెప్పాను. "అయితే సగం అద్దాలవి తీసుకోండి. పైనుంచి దూరం, కింది నుంచి దగ్గర," అంది. అంతసేపూ అది చాలా మామూలు సంగతన్నట్టే మాట్లాడింది. దాని గురించి నేను ఎన్ని నెలలుగా ఎన్ని అబద్ధాలు ఆడుకున్నానో! గీతలు, తెర, సూది, దీపం, మోటారు.

పెట్టుకుని అట్ట మళ్లీ చూశాను. ఏడు వరుసలు. ఆఖరి వరుసలో ముద్రించినవాళ్ల చిరునామా కూడా ఉంది.

మార్చి 20

పెద్దాయన లెన్సుల గదికి వెళ్లాను. మెత్తటి గుడ్డతో ఒక లెన్సు తుడుస్తున్నాడు. కళ్లజోడు పెట్టుకునే లోపలికి వెళ్లాను. గుమ్మం దగ్గర తీసేద్దామని చెయ్యి లేచింది, దింపేశాను.

"మోటారు తప్పు కాదు సార్. నాకు దగ్గరివి కనపడటం లేదు. మొన్నటిదాకా ఒప్పుకోలేదు."

ఆయన తుడుస్తూనే ఉన్నాడు.

"నన్ను మార్చాలంటే ఇంకా నాలుగు రోజులున్నాయి. కొత్తవాళ్లకి గుర్తులన్నీ చెప్పి వెళ్తాను."

"నిన్నెందుకు మార్చాలి?"

"ఆయన్ని మార్చారు కదా సార్. కళ్లజోడు వచ్చిందని."

ఆయన చెయ్యి ఆగింది. "ఎవరు చెప్పారు నీకు?"

"ఆఖరి రోజున చూశాను సార్. జేబులో కొత్త పెట్టె ఉంది."

"జేబులో చూశావు. ముఖం మీద ఎప్పుడైనా చూశావా?"

నేను ఆలోచించాను. చూడలేదు.

"ఆరు నెలలు జేబులోనే పెట్టుకు తిరిగాడమ్మా. పెట్టుకోవయ్యా బాబూ అంటే, నా లెన్సులు పాడైపోయాయన్నాడు. నా లెన్సులని!" ఇరవై ఏళ్లయినా ఆ కోపం ఇంకా వేడిగానే ఉంది. లెన్సుని తొట్టెలో పాపని పెట్టినట్టు పెట్టెలో పెట్టాడు. "మొన్న నువ్వు మోటారు మోటారు అంటుంటే, ఇదీ మొదలెట్టిందిరా అనుకున్నాను."

"మరి నాకు చెప్పలేదేం సార్?"

"చెబితే వింటావా?"

వినేదాన్ని కాదు. ఎలా విని ఉండేదాన్నో పదిహేనో తేదీ పేజీలో ఉంది.

"ఇంతకీ మోటారెలా ఉంది?" అన్నాడు.

"బంగారం సార్."

"అయితే పోయి దానికి అలవాటుపడు. ఇక్కడేం పని నీకు?"

అక్కణ్ణుంచి తిన్నగా ఆసుపత్రి నేలమాళిగకి వెళ్లాను. మరమేకు ఏదో పెట్టె విప్పి, మరలు వరసగా అయస్కాంతం మీద పేరుస్తోంది. నన్ను చూసి, ముఖం చూసి, మర ఒకటి కింద పడేసుకుంది.

"అబ్బ, బాగున్నావు వదినా! హెడ్మాస్టరులా ఉన్నావు."

"నేనన్న మాటలు..." అన్నాను.

"ఏ మాటలు? నేను కెమెరా తీగ చుట్టుకుంటూ ఏదీ వినలేదు." వంగి మర వెతుకుతోంది. కుర్చీ కింద మూల ఉంది. నాకే ముందు కనపడింది. తీసి ఇచ్చాను.

"నా అంకెలు మాత్రం నిజంగానే అడ్డదిడ్డంగా ఉంటాయి," అంది. కొత్త పట్టీ తీసి, మళ్లీ రాసింది. ఆరుకి తోక పొడుగ్గా పెట్టింది.

మార్చి 22

రెండు రోజులుగా ముందుగదిలో సాధన. ఈయన తాళంచెవి పట్టుకుని హీరోయిన్‌లా నడిచివస్తున్నారు. మెడలో టేపు, ముఖంలో తెగ విషాదం. ఆఖరి గుసగుస మాట తెలియదు కాబట్టి, "చేతులు పొడుగు ఇరవై మూడున్నర," అంటున్నారు. ముప్పైసార్లకి ఇరవైతొమ్మిదిసార్లు నిలబడింది. ఆ ఒక్కటి నా నవ్వు వల్ల పోయింది. చక్రం వేళ్లకి అలవాటవుతోంది.

మార్చి 24

ఒళ్లంతా అలసట. అయినా ఇప్పుడే రాయాలి.

మరమేకు సెలవు పెట్టి వచ్చింది, మోటారుకి ఏమైనా అయితే చూడటానికి. ఇదే మొదటిసారి తను షూటింగు చూడటం. మూల స్టూలు మీద, ఒళ్లో పనిముట్ల సంచి పెట్టుకుని, చప్పుడు చేస్తే ఎవరైనా కొడతారేమో అన్నట్టు కూర్చుంది.

మొదటి టేకులో హీరోయిన్ కొంగు మెట్ల కమ్మీకి తగులుకుంది. రెండోది చివరిదాకా వచ్చింది, గుసగుస మాట దగ్గర బయట లారీ హారన్. సౌండాయన హెడ్‌ఫోన్ నేలకేసి కొట్టబోయి, దాని మీద ప్రేమకొద్దీ ఆగాడు.

మూడో టేకు. పై మెట్టు మీద హీరోయిన్, పాతికడుగులు. దిగుతోంది, నేను తిప్పుతున్నాను. కళ్లద్దాల పైనుంచి ఆమె, కింది నుంచి అంకెలు. ఇరవై. పదిహేను. సగం మెట్లు దిగి ఉన్నట్టుండి ఆగింది. రిహార్సలులో ఎప్పుడూ ఆగలేదు. ఏదో మరిచిపోయినట్టు వెనక్కి తిరిగి, రెండు మెట్లు పైకి ఎక్కి, పైగదిలోకి ఒకసారి చూసి, మళ్లీ దిగింది. డైరెక్టరు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. ఆ రెండు మెట్లకి గుర్తు లేదు, అంకె లేదు. నాకు ఏమీ తోచకముందే నా వేళ్లు ఆమె వెంట వెళ్లాయి. నా వేళ్ల వెంట మోటారు వెళ్లింది. తెర మీద ఆమె చెంపమీది వెంట్రుక ఒక్కటి కూడా చెదరలేదు.

యంత్రాల మధ్య పది, ఎనిమిది, ఆరు. సొరుగు తీసింది. తాళంచెవి ఎత్తింది. రెండడుగులు. దాని మీది తుప్పు చుక్కలు లెక్కపెట్టొచ్చు. తాళంచెవి దించింది, ముఖం. మూడడుగులు. ఆ మాట అంది.

చాలాసేపటికి డైరెక్టరు "కట్" అన్నాడు, అదీ గుసగుసగానే.

సౌండాయన నా దగ్గరికొచ్చి, "ఇంతకీ మోటారు ఆన్ చేశారా?" అని అడిగాడు. డైరెక్టరు జాగ్రత్తకి ఇంకోటి తీద్దామన్నాడు. పెద్దాయన లేచి, లెన్సుకి మూత పెట్టేశాడు.

అప్పుడు చూస్తే మరమేకు స్టూలు మీద లేదు. పెద్ద తెర ముందు నిలబడి ఉంది. ఎవరినో బతిమాలి ఆ టేకు మళ్లీ వేయించుకుంటోంది. వెనకనుంచి వెళ్లాను. తను ఏడుస్తోంది.

"ఏమైందే? మోటారుకేమైనా అయిందా?"

"కాదు వదినా." కొంగుతో ముక్కు తుడుచుకుంది. "పదిహేనేళ్లుగా పంపులు బాగుచేస్తున్నాను. సంతకం పెట్టి పైకి పంపేస్తాను. అది ఏ మంచం దగ్గరికి వెళ్లిందో, ఆ మనిషికి నయమైందో లేదో, ఒక్కసారీ తెలియదు. నేనెప్పుడూ పైకి వెళ్లను. నా చేత్తో చేసింది పనిచెయ్యడం ఇదే నేను చూడటం." మళ్లీ తెర వైపు తిరిగింది. "ఆ రెండు మెట్లు... నువ్వు చెప్పగానే వెళ్లింది చూశావా? ఎంత బుద్ధిగా వెళ్లింది!"

ఇన్నేళ్లలో తన దగ్గరికి లెన్సులు పట్టుకెళ్లాను, తీగలు పట్టుకెళ్లాను, నోరు పట్టుకెళ్లాను. పైన ఏమవుతుందో నీకు తెలుస్తుందా అని ఒక్కనాడూ అడగలేదు.

పెద్దాయన ఒక కుర్చీ తనే మోసుకొచ్చి తెర ముందు వేశాడు. "కూర్చుని చూడమ్మా. ఎన్నిసార్లయినా వేస్తారు," అన్నాడు.

నాలుగుసార్లు చూసింది. నేను పక్కనే నిలబడ్డాను.

బస్సులో వస్తూ, "ఎల్లుండి నాకు సెలవు. మీ ఆసుపత్రికి వస్తాను," అన్నాను.

"ఎందుకు? ఇంకో సినిమా వచ్చిందా?"

"కాదు. మధ్యాహ్నం భోజనం వేళ నిన్ను పైకి తీసుకెళ్దామని. ఆ పంపులు ఎక్కడ పనిచేస్తున్నాయో ఇద్దరం చూసొద్దాం."

"పైకి వెళ్తే నర్సులు తిడతారు వదినా."

"తిట్టనీ. నేను హెడ్మాస్టరులా ఉన్నాగా," అన్నాను.